చికాకు ప్రేగు: పరాయి కొలబద్దలు, మన కడుపు

ప్రాణము తీయని రోగమును లోకము తేలికగా చూచును. "పరీక్షలన్నియు బాగుగనే యున్నవి, ఇక భయమేమి?" అని డాక్టరు అనును. "తిన్నది అరుగలేదు, అంతే" అని ఇంటివారు అందురు. కాని ఏండ్ల తరబడి ఒక మనిషి తిండిని, నిద్రను, ప్రయాణమును, ఉద్యోగమును శాసించు రోగమును చిన్నదనుట న్యాయము కాదు. ఇంగ్లీషున 'ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్' అనియు, పొట్టిగా 'ఐ.బి.ఎస్.' అనియు పిలువబడు రోగము అట్టిది. కడుపు నొప్పి, ఉబ్బరము, కొన్నాళ్లు విరేచనములు, కొన్నాళ్లు మలబద్ధకము దీని లక్షణములు. ఎంత వెదకినను ప్రేగులో పుండు గాని, గడ్డ గాని, వాపు గాని కనబడదు. రోగి బాధ నిజమే. పరీక్షల కాగితము మాత్రము 'నార్మల్' అనును.

ఈ రోగమును గూర్చి గడచిన అర్ధశతాబ్దిలో చాల సంగతులు తెలిసినవి. అవి తెలుగులోనికి కూడ వచ్చుచున్నవి. వచ్చిన తీరు మాత్రము విమర్శింపదగియున్నది. రోగనిర్ణయమునకు వాడు కొలబద్ద రోము నగరము పేర వెలసినది. పథ్యమునకు వాడు పట్టిక ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నుండి వచ్చినది. రెండును పెద్ద పరిశ్రమతో తయారైనవే. వాటిని తెలుగు మాటలలోనికి మార్చినవారు తెలుగువారి కడుపుతో, వంటింటితో, వాడుక భాషతో సరిచూడలేదు. లోపమంతయు ఇచ్చటనే యున్నది.

సరిచూచుటకు ఒక ఊరిని తీసికొందము. గోస్తనీ నది సముద్రమున కలియు చోటనున్న భీమునిపట్నము 1861 నాటికే పురపాలక సంఘము గల ఊరు. ఇప్పుడది మహా విశాఖ నగరపాలక సంస్థలో చేరియున్నది. తెల్లవారక ముందే పడవలెక్కు జాలరులు, సముద్రపుటొడ్డు రోడ్డు మీదుగ ప్రతిదినము బస్సులో విశాఖపట్నము పోయివచ్చు ఉద్యోగులు అచ్చట గలరు. నగరమున కావలి వైపున రేవు, ఉక్కు కర్మాగారము ఉన్నవి. ఉక్కు కర్మాగారములో రాత్రింబవళ్లు షిఫ్టుల మీద పని సాగును. ఐ.బి.ఎస్. ఎంత పెద్ద రోగమో ఇట్టి బ్రతుకులలో తెలియును. పడవలో మరుగుదొడ్డి యుండదు. బస్సును నడుమ ఆపుమని అడుగుటకు సిగ్గు. షిఫ్టు మారినప్పుడెల్ల భోజనవేళ మారును, నిద్రవేళ మారును, ప్రేగు అలవాటు తప్పును. షిఫ్టులు మారుచు పనిచేయు నర్సులలో ఈ రోగలక్షణములు పగటి పనివారికంటె హెచ్చుగా నున్నట్లు అమెరికాలో 2010లో ప్రకటించిన పరిశీలన ఒకటి తెలిపినది.

పేరులోనే మొదటి తప్పు

ఇట్టి రోగిని "నీకేమి జబ్బు?" అని అడిగిన 'ఐ.బి.ఎస్.' అని చెప్పడు. "గ్యాస్ ట్రబుల్" అనును. లేదా "అమీబియాసిస్" అనును. పెద్దవారైనచో "గ్రహణి" అందురు. మన పుస్తకములు మాత్రము 'ప్రకోప ఆంత్ర లక్షణ సముదాయము' వంటి పేరు పెట్టును. ఆ పేరును డాక్టరు పలుకడు, రోగి గుర్తింపడు. వాడుకలోనున్న మూడు పేర్లును మూడు విధముల దారి తప్పించునవి.

'గ్యాస్ ట్రబుల్' అనుటతో దోషమంతయు గాలిమీదికి పోవును. ప్రేగులో గాలి అందరికిని ఉండును. ఐ.బి.ఎస్. రోగులలో పెక్కుమందికి గాలి పరిమాణము హెచ్చుగా నుండదు. ఉన్న గాలికే వారి ప్రేగు హెచ్చుగా బాధపడును. 1973లో రిచీ అను బ్రిటిషు వైద్యుడు పెద్దప్రేగు చివరిభాగములో చిన్న బుడగనుంచి గాలితో ఉబ్బించి చూచెను. 60 మిల్లీలీటర్లు ఉబ్బించినప్పుడు ఆరోగ్యవంతులలో నూటికి 6 గురికి మాత్రమే నొప్పి కలిగెను. ఈ రోగులలో నూటికి 55 గురికి కలిగెను. బుడగ ఒకటే, గాలి ఒకటే; భేదము నరముల స్పందనలో నున్నది. గాలిని వెళ్లగొట్టు మాత్రలను ఏండ్ల తరబడి మ్రింగువారికి ఈ సంగతి ఎవ్వరును చెప్పుట లేదు.

'అమీబియాసిస్' అను పేరు మఱింత నష్టము చేసినది. మలపరీక్షలో అమీబా కోశము కనబడగానే మెట్రోనిడజోల్ మాత్రలు వ్రాయుట, కొన్నాళ్లకు లక్షణములు తిరిగి రాగా మరల అవే మాత్రలు వ్రాయుట మన ప్రాంతమున చిరకాలము సాగినది. కాని సూక్ష్మదర్శినిలో ఒకేరీతి కనబడు అమీబాలు రెండున్నవి. వానిలో ఎంటమీబా హిస్టోలిటికా రోగకారి. ఎంటమీబా డిస్పార్ ప్రేగులో ఊరక కాపురముండునే గాని హాని చేయదు. ఇవి వేఱువేఱు జాతులని 1993లో శాస్త్రజ్ఞులు స్థిరపరచిరి. కేవలము కోశము కనబడినంత మాత్రమున రోగము అమీబాదే యనుటకు వీలులేదు. రక్తము జిగటతో పడని, ఏండ్ల తరబడి సాగు 'అమీబియాసిస్' అసలున్నదా యని భారతీయ వైద్యులే 1997లో లాన్సెట్ పత్రికలో ప్రశ్నించిరి. ఆ ప్రశ్న మన మందుల షాపుల వఱకు ఇంకను చేరినట్లు లేదు.

'గ్రహణి' అను పేరు వేఱొక దిక్కున ప్రమాదకరము. ఆయుర్వేదమున ఆ మాటకు విస్తృతమైన అర్థము కలదు. మలము పట్టు తప్పిన పెక్కు రోగములు దానిలో ఇమిడియుండును. వానిలో కొన్ని ప్రాణాంతకములు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ రోగముచేత మరణించిరి. ఆయనకును ఆ రోగము సోకగా ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో కోలుకొనెను. తరువాత అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వమున పనిచేసిన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినది. అది స్ప్రూ చికిత్సలో గొప్ప మార్పు తెచ్చినది. స్ప్రూలో ఆహారసారము రక్తములోనికి ఎక్కదు. మనిషి చిక్కిపోవును, రక్తహీనత కలుగును. ఐ.బి.ఎస్.లో అట్లు జరుగదు. ఈ రెంటిని ఒకే పేరున పిలిచినచో ఒకనికి అనవసర భయము, వేఱొకనికి ప్రాణాపాయము.

ప్రేగునకును మెదడునకును గల పొత్తు

పుండు లేనప్పుడు నొప్పి ఎట్లు కలుగును? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పకుండ "మనసులో పెట్టుకొనకు" అని సలహా నిచ్చుట మన ఆరోగ్యరచనలలో నున్న మఱియొక లోపము. రోగి దానిని "నీ రోగము అబద్ధము" అని అర్థము చేసికొనును.

1940వ దశకమున న్యూయార్కులో తామస్ ఆల్మీ అను వైద్యుడు ప్రేగుమీద మనోవేదన ప్రభావమును కంటితో చూచెను. పరీక్షకు స్వచ్ఛందముగ వచ్చిన వైద్యవిద్యార్థి ప్రేగును గొట్టముతో పరిశీలించుచు, క్యాన్సరు కనబడినట్లు కల్పించి మాటలాడిరి. ఆ మాట చెవిని పడగానే ప్రేగు ఎఱ్ఱబారి బిగిసికొనెను. అది నిజము కాదని చెప్పగానే సడలెను. ఇట్టి ప్రయోగమును నేడు ఏ నీతి సంఘమును అంగీకరింపదు. కాని దానివలన తేలిన విషయము స్థిరముగా నిలిచినది. ప్రేగు గోడలలో కోట్లకొలది నరకణములున్నవి. అవి మెదడునకు వార్తలు పంపును, మెదడు నుండి ఆజ్ఞలు గైకొనును. ఈ రాకపోకలు అతిగా చురుకైనప్పుడు సామాన్యమైన కదలిక కూడ నొప్పిగా తెలియును.

రోగమునకు మనసొక్కటే కారణమనుటయు తప్పే. కెనడాలోని వాకర్టన్ అను చిన్న పట్టణమున 2000వ సంవత్సరము మే నెలలో త్రాగునీరు కలుషితమై రెండువేలకు పైగా జనులు విరేచనములతో మంచము పట్టిరి, ఏడుగురు మరణించిరి. రెండు మూడేండ్ల తరువాత పరిశీలింపగా, ఆనాడు విరేచనములు పట్టినవారిలో నూటికి 36 గురికి ఐ.బి.ఎస్. లక్షణములున్నవి, పట్టనివారిలో నూటికి 10 మందికే యున్నవి. సూక్ష్మజీవి పోయినను ప్రేగు దానిని మఱవలేదన్నమాట. వానకాలము రాగానే విరేచనములు వ్యాపించు మన తీరప్రాంతమున ఈ సంగతికి గల ప్రాముఖ్యము వేఱుగ చెప్పనక్కరలేదు. మంచినీటి కుళాయి కూడ ఈ రోగమునకు ఒక నివారణోపాయమే.

రోము కొలబద్ద

పరీక్షలో కనబడని రోగమును నిర్ణయించుట ఎట్లు? లక్షణములను బట్టియే నిర్ణయింపవలెను. 1978లో మానింగ్, ఆయన సహచరులు ఇంగ్లండున ఆరు లక్షణములు చెప్పిరి. 1988లో రోము నగరమున జరిగిన సమావేశముతో మొదలై, నిపుణుల సంఘము పలుమార్లు ఈ నియమములను సవరించినది. 2016లో వెలువడిన నాల్గవ కూర్పు ప్రకారము కడుపు నొప్పి కడచిన మూడు నెలలలో సగటున వారమునకు ఒక దినమైనను ఉండవలెను. ఆ నొప్పికి విరేచనముతో సంబంధము, ఎన్ని మారులు అగునను దానిలో మార్పు, మలము రూపములో మార్పు అను మూడింటిలో రెండైనను తోడు కావలెను. లక్షణములు మొదలై ఆరు నెలలు గడచియుండవలెను.

ఈ కొలబద్ద చేసిన మేలు తక్కువది కాదు. అది రాకముందు "ఏమియు దొరకలేదు కనుక ఐ.బి.ఎస్." అని చెప్పుచుండిరి. ఏమియు దొరకలేదని చెప్పుటకు పరీక్షమీద పరీక్ష చేయవలసివచ్చెను. ఇప్పుడు లక్షణములను శ్రద్ధగా విని, కొద్దిపాటి పరీక్షలతో ధైర్యముగా రోగము పేరు చెప్పవచ్చును. వేఱువేఱు దేశములలో ఒకే మందును పరీక్షించునప్పుడు ఒకేరీతి రోగులను ఏరుటకును ఇది సాధనము. దీనిని పరదేశపుదని త్రోసివేయువారు విమర్శకులు కారు.

చిక్కు ఎచ్చట వచ్చుననగా, ఈ కొలబద్ద లెక్కను నమ్మును. మన రోగి అనుభూతిని చెప్పును. ఇండియన్ సొసైటీ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వారు దేశములోని పెక్కు ఆసుపత్రులలో 2,785 మంది రోగులను, వెలుపల 4,500 మంది సామాన్య జనులను విచారించి 2008లో ప్రకటించిన నివేదిక ఈ సంగతిని తేటపరచినది. సామాన్య జనులలో నూటికి 56 మందికి దినమునకు ఒకమారు, 34 గురికి రెండుమారులు విరేచనమగును. రోగులలో నూటికి 53 మంది తమకు మలబద్ధకమనిరి. 47 గురు విరేచనములనిరి. విచిత్రమేమనగా ఈ రెండు తెగలవారికిని సగటున విరేచనమగు సంఖ్య దాదాపు ఒక్కటే. పాశ్చాత్య ప్రమాణము ప్రకారము లెక్కింపగా, దినమునకు మూడుమారులకు మించి విరేచనమగు తెగలోనికి నూటికి నలుగురే వచ్చిరి. 57 గురు ఏ తెగలోను చేరలేదు. కాని నూటికి 77 గురు చెప్పిన మాట ఒక్కటి కలదు: విరేచనము పూర్తిగా కాలేదను బాధ.

దీనినే తెలుగువాడు "సాఫీగా కావడం లేదు" అనును. దినమునకు రెండుమారులు పోయివచ్చినవాడు కూడ "మలబద్ధకం" అని చెప్పుటకు కారణమిదియే. అతడు లెక్క చెప్పుట లేదు, తృప్తిలేమిని చెప్పుచున్నాడు. "రోజుకెన్ని సార్లు?" అను ప్రశ్నకు "రెండు" అని జవాబు రాగానే "అయితే మలబద్ధకం లేదు" అని వ్రాసికొను డాక్టరు రోగము సగమును వినకుండగనే వదలుచున్నాడు.

మాటల చిక్కు ఇంకొకటి కలదు. మూడవ కూర్పులో 'నొప్పి లేదా అసౌకర్యము' అనియుండెను. 'అసౌకర్యము' అను మాటకు భాషభాషకు అర్థము మారుచున్నదని, దానికి నిలుకడ లేదని నాల్గవ కూర్పులో తొలగించిరి. వారి కారణము సహేతుకమే. అయినను మన రోగులకు దానివలన నష్టము కలిగినది. తెలుగున కడుపు బాధను చెప్పు మాటలకు కొదువ లేదు. మెలిపెట్టుట, పట్టివేయుట, పోటు, బరువు, బిగువు, మంట, గడబిడ, తిప్పుట, ఉబ్బుట అని రోగి చెప్పును. వీనిలో ఏవి 'నొప్పి'? "నొప్పి ఉన్నదా?" అని అడిగిన "నొప్పి కాదండి, బిగుసుకున్నట్టు ఉంటుంది" అని చెప్పు మనిషిని కొలబద్ద వెలుపలకు నెట్టును. 2010లో ఆసియా దేశముల నిపుణులు తమ ఒడంబడికలో నొప్పితోపాటు ఉబ్బరమును, ఇతర బాధలను చేర్చుటకు ఇట్టి అనుభవమే కారణము. 33 దేశములలో జరిపి 2021లో ప్రకటించిన ప్రపంచ పరిశీలనలో, రోము నాల్గవ కూర్పు ప్రకారము ఇంటింటికి తిరిగి విచారించిన దేశములలో ఈ రోగులు నూటికి ఇద్దరికంటె తక్కువగా తేలిరి. 2008 నాటి భారతీయ నివేదికలో సామాన్య జనులలోనే నూటికి నలుగురికి పైగా ఇట్టి లక్షణముల కూటమి కనబడెను. రెండు విచారణల పద్ధతులు వేఱు. కనుక వానిని నేరుగ పోల్చరాదు. ప్రశ్న మారిన రోగుల సంఖ్య మారుననుటకు మాత్రము ఇవి చాలును.

మెల్బోర్న్ పట్టిక, మన వంటిల్లు

ఆహారవిషయము మఱింత ఆసక్తికరము. మెల్బోర్న్ లోని మోనాష్ విశ్వవిద్యాలయమున పీటర్ గిబ్సన్, స్యూ షెపర్డ్ అనువారు 2005లో 'ఫాడ్‌మ్యాప్' అను భావమును ప్రతిపాదించిరి. చిన్నప్రేగులో సరిగా ఇంకని కొన్ని చక్కెరలు, పిండిపదార్థములు నీటిని ప్రేగులోనికి లాగును. అవి పెద్దప్రేగునకు చేరినప్పుడు సూక్ష్మజీవులు వాటిని పులియబెట్టి వాయువు పుట్టించును. నీరు, వాయువు కలిసి ప్రేగును సాగదీయును. మామూలు మనిషికి ఇది తెలియనే తెలియదు. చురుకైన నరములు గల రోగికి నొప్పిగా తెలియును. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పప్పుధాన్యములు, పాలు, జీడిపప్పు, కాలీఫ్లవరు, హెచ్చుగా తిన్న మామిడిపండు ఈ జాబితాలోనివి.

ఈ పట్టిక తెలుగులోనికి నిషేధాల చిట్టాగా దిగినది. ఇది మొదటి దోషము. అసలు పద్ధతికి మూడు మెట్లున్నవి. రెండు మొదలు ఆరు వారములు ఆ పదార్థములను తగ్గించుట మొదటి మెట్టు. ఒక్కొక్కదానిని తిరిగి తిని చూచుట రెండవది. తనకు పడనిదానిని మాత్రమే మితముగా నుంచి తక్కినవి తినుట మూడవది. మన పత్రికలలో తఱచు కనబడునది మొదటి మెట్టు మాత్రమే. శాకాహారి పప్పును శాశ్వతముగా మానినచో మాంసకృత్తులు ఎచ్చట నుండి వచ్చును?

రెండవ దోషము, మన వంట పద్ధతిని లెక్కింపకుండుట. పట్టికలోనిది పదార్థము, తినునది వంటకము. ఉదాహరణకు వెల్లుల్లిలోని ఫ్రక్టాన్ అను పదార్థము నీటిలో కరగును, నూనెలో కరగదు. వెల్లుల్లి రెబ్బలను నూనెలో వేయించి, నీరు తగులక ముందే తీసివేసినచో తాలింపునకు వాసన దక్కును, కడుపునకు బాధ తగ్గును. చేపల పులుసులో ఉల్లిముద్ద నీటితో ఉడుకును కనుక అచ్చట ఈ యుపాయము పారదు. చేపలో మాత్రము ఈ చక్కెరలు లేవు; జాలరి యింటి రోగి చేపను మానవలసిన పనిలేదు, పులుసులో ఉల్లిని తగ్గించిన చాలును. కందిపప్పును నానబెట్టి, ఉడికించి, ఆ నీటిని పాఱబోసిన వాయువు పుట్టించు చక్కెరలు కొంత తగ్గును. ఆ లెక్కన పప్పు మీది తేటతో కాచిన కట్టుచారు రోగికి తేలికయని తలచుట పొరపాటు. కరగిన చక్కెరలు ఆ తేటలోనే యుండును. ఇడ్లీపిండి పులియునప్పుడు మినుములోని ఇట్టి చక్కెరలను సూక్ష్మజీవులు కొంత తినివేయును. పాలు పడనివారు దక్షిణదేశమున హెచ్చు. పాలు తోడుకొని పెరుగైనప్పుడు వానిలోని లాక్టోజు కొంత తగ్గును కనుక పెరుగు పెక్కుమందికి సరిపడును. వరియన్నమున ఈ బాధ స్వల్పము. చోడి అంబలియు ఈ లెక్కలో మంచిదే. మన తిండిలో సగము మొదటి నుండియు రోగికి అనుకూలమైనదే. గోధుమరొట్టె ముఖ్యాహారమైన దేశములో వ్రాసిన పట్టికకు ఈ సంగతి తెలియదు; దానిని తెలుగు చేసినవారికి తెలిసియుండవలెను.

మూడవ దోషము, ఈ పథ్యమును సాటిలేనిదని చాటుట. 2015లో స్వీడనులో 75 మంది రోగులపై ఈ పథ్యమును సామాన్య సలహాతో పోల్చి చూచిరి. వేళకు తినుట, కొద్దికొద్దిగా తినుట, నమలి తినుట, కాఫీని, కొవ్వును, కారమును తగ్గించుట అనునదే ఆ సామాన్య సలహా. రెండు తెగలలోను దాదాపు సగముమందికి మేలు కలిగెను. జర్మనీలో 2018లో ప్రకటించిన చిన్న పరిశీలనలో యోగాభ్యాసము సైతము ఈ పథ్యముతో సరితూగెను. కనుక మొదట వేళకు భోజనము, నిద్ర చక్కబఱచుకొని, అది చాలనప్పుడు పట్టిక జోలికి పోవుట తెలివి. షిఫ్టు పనివానికి వేళ మార్చుకొను స్వేచ్ఛ లేదు. అతనికి షిఫ్టు ఏదైనను మేల్కొన్న పిమ్మట మొదటి భోజనమును, మరుగుదొడ్డికి పోవు సమయమును ఒకే క్రమములో నుంచుకొమ్మని చెప్పుట ఉపయోగము. ఇట్టి సలహా ఏ అనువాదములోను కనబడదు.

మందులు, మాటలు

ఈ రోగమునకు 'శాశ్వత నివారణ' అను ప్రకటనలు గోడలమీద కనబడును. అవి నమ్మదగినవి కావు. ఒక్కొక్క లక్షణమునకు ఉపశమనము మాత్రము నిశ్చయముగా కలదు. నీటిలో జిగురుగా కరగు ఇసబ్‌గోల్ పొట్టు మలబద్ధకమున మేలు చేయును. కరగని గోధుమ తవుడు పెక్కుమందికి ఉబ్బరము హెచ్చించును. 'పీచు తినుము' అని గంపగుత్తగా చెప్పుట కనుకనే తప్పు. పుదీనా జాతికి చెందిన పిప్పర్‌మెంటు నూనెను ప్రేగులో కరగు గొట్టపుమాత్రలుగా ఇచ్చినచో అందలి మెంథాల్ ప్రేగుకండరములను సడలించును. నీళ్ల విరేచనములకు లోపరమైడ్ ఉన్నది. ప్రేగులో నిలిచి పనిచేయు రిఫాక్సిమిన్ అను మందు విరేచనముల తెగవారిలో కొందఱికి మేలు చేయునని 2011లో ప్రకటించిన రెండు పెద్ద పరీక్షలలో తేలినది. అలోసెట్రాన్ అను మందు కథ ఒక హెచ్చరిక. అది ప్రేగునకు రక్తప్రసారము తగ్గించి హాని చేయుచున్నదని 2000లో అమెరికాలో ఉపసంహరింపబడి, 2002లో కఠిన నిబంధనలతో తిరిగివచ్చినది. ప్రాణము తీయని రోగమునకు ప్రాణము తీయు మందు తగదు.

అన్నింటికంటె అపార్థమునకు గుఱియైనది అమిట్రిప్టిలిన్. ఇది మొదట మనోవ్యాకులతకు వాడిన మందు. చాల తక్కువ మోతాదులో ఇది ప్రేగునుండి పోవు నొప్పివార్తలను తగ్గించును. ఇంగ్లండున సామాన్య వైద్యుల వద్ద 463 మంది రోగులపై జరిపి 2023లో ప్రకటించిన పరీక్షలో, 10 మొదలు 30 మిల్లీగ్రాముల మోతాదు ఉత్తుత్తి మాత్రకంటె స్పష్టముగా మేలు చేసినది. కాని మన ఇండ్లలో "మెంటల్ మందు రాశాడు" అను మాట పుట్టగానే మాత్రలు చెత్తబుట్టలోనికి పోవును. తప్పు రోగిది కాదు. మందు ఎందుకిచ్చినదియు రెండు నిమిషములు చెప్పనివారిది.

ఆ రెండు నిమిషముల విలువను కూడ కొలిచిరి. 2010లో అమెరికాలో 80 మంది రోగులలో సగము మందికి "ఇందులో మందు లేదు" అని చెప్పియే ఉత్తుత్తి మాత్రలిచ్చి, శరీరము తనంతట తాను ఎట్లు మేలుచేసికొనునో ఓపికగా వివరించిరి. వారిలో నూటికి 59 మంది తమకు చాలినంత ఉపశమనము కలిగెననిరి. మాత్రలు లేకుండ అంతే శ్రద్ధ పొందినవారిలో 35 గురు అట్లనిరి. ఇది మోసము చేయుటకు అనుమతి కాదు. నమ్మకముగా, నిజాయితీగా చెప్పిన మాటయు చికిత్సలో భాగమనుటకు నిదర్శనము.

ఏది ఐ.బి.ఎస్. కాదు

ధైర్యము చెప్పుటతోపాటు హెచ్చరికయు చెప్పవలెను. మలములో రక్తము పడుట, కారణము లేక బరువు తగ్గుట, రక్తహీనత, విడువని జ్వరము, రాత్రి నిద్రనుండి లేపు విరేచనములు, ఏబదియేండ్లు దాటిన తరువాత క్రొత్తగా మొదలైన మార్పు, దగ్గరి బంధువులకు పెద్దప్రేగు క్యాన్సరు ఉండుట అనునవి ఐ.బి.ఎస్. గుర్తులు కావు. ఇవి కనబడినప్పుడు 'గ్యాస్' అని ఊరకుండక స్థానిక ప్రభుత్వాసుపత్రికి, వారు పంపినచో విశాఖపట్నము కింగ్ జార్జి ఆసుపత్రి వంటి పెద్ద ఆసుపత్రికి పోయి పరీక్ష చేయించుకొనవలెను. మన దేశమున ప్రేగు క్షయ ఇంకను ఉన్నది. పాశ్చాత్య పుస్తకములలో దానికి చిన్న పేరా మాత్రమే యుండును, మన పుస్తకములలో అది ముందు పేజీలో నుండవలెను. ఈ గుర్తులు లేనివారికి పరీక్షమీద పరీక్ష చేయించుట డబ్బు దండుగయే కాక, "ఏదో పెద్ద జబ్బు దాగియున్నది" అను భయమును పెంచును. ఆ భయమే మరల ప్రేగును బిగించును.

రోము కొలబద్దయు, మెల్బోర్న్ పట్టికయు శాస్త్రము మనకిచ్చిన పనిముట్లు. పనిముట్టును చేతికి తగినట్లు పిడి మార్చుకొని వాడుట పనివాని లక్షణము. తెలుగున ఈ రోగమును గూర్చి మంచి పుస్తకము వెలువడవలెనన్న, ముందుగా రోగుల మాటల జాబితా తయారు కావలెను. పిమ్మట కొలత పదార్థముతో గాక వంటకముతో చెప్పవలెను. ఒక గిన్నెడు పప్పుచారు, రెండు ఇడ్లీలు, ఒక లోటా మజ్జిగ అని ఉండవలెను. నిషేధము ఎన్నాళ్లకో, తిరిగి తినుట ఎప్పటి నుండియో ప్రతి పుటలో వ్రాయవలెను. ఇవన్నియు సిద్ధమగువఱకు డాక్టర్లు చేయదగిన చిన్న పని ఒకటి కలదు. భీమునిపట్నమునుండి బస్సెక్కి వచ్చిన రోగిని "రోజుకెన్ని సార్లు?" అని అడుగుటకు ముందు "సాఫీగా అవుతున్నదా?" అని అడిగి, అతడు చెప్పునది పూర్తిగా వినవలెను.